తాండూరు బండ మీద సుద్దగీత

మొన్న మా అన్న, ఆయన కూతురు వికారాబాద్‌లోని మా ఇంటికి వచ్చారు. పిల్లకు ఐర్లాండ్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడి జీతంలో పన్ను ఎంత పోతుంది, పాలెంత, బస్సు పాసెంత అని నెల రోజులుగా ఫోనులో లెక్కలు చూసి చూసి, అన్నింటికంటే చవకైన గదిని ఎంచుకుని, అందులో మంచం పట్టే చోటు ఎంతో తెలియాలని మా హాల్లో నేల మీద రంగు టేపు అంటించింది. టీ కప్పు పట్టుకుని వచ్చిన నేను ఆ టేపు దాటలేక చుట్టూ తిరిగి వెళ్లాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పరాయి దేశం సంగతులు తిరిగొచ్చినవాళ్ల నోటినుంచి వినాల్సిందే. తాండూరులో మాకు మస్కట్ నుంచి వచ్చిన మేనమామ ఉండేవాడు. అక్కడ బియ్యం ధర, నీళ్ల ధర అన్నీ వివరంగా చెప్పి, తిండిలో ఏమీ మిగలదు, మిగిలితే కిరాయిలోనే మిగలాలి, అందుకని గది కాకుండా పడుకునే చోటుకే కిరాయి కట్టుకోవాలి, అది మనిషంత పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంటుందన్నాడు. అన్న బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసేవాడు, కొలతంటే ప్రాణం. ఆ సాయంత్రమే ఇంట్లో నేల బండ మీద సుద్దముక్కతో ఆ చోటు గీసి, తానూ మస్కట్ వెళ్లేలోగా నెల రోజులు అందులోనే పడుకుని అలవాటు చేసుకుంటానన్నాడు. ఈ తంటా అంతా నా టీచర్ ట్రైనింగ్ ఫీజు కోసం.

మొదట్లో పొద్దున లేచేసరికి అంగీ నిండా సుద్ద. సరిహద్దు దాటి పక్కదేశం పోయొచ్చినవా అని ఆటపట్టించేదాన్ని. వారం తిరిగేసరికి సుద్ద అంటడం తగ్గింది. నెలాఖరుకు గీత చెక్కుచెదరకుండా ఉండేది. చేతులు రెండూ పక్కలకు ఆనించి, పిలిచినా వెంటనే పలకకుండా, ఊపిరి తీస్తున్నాడో లేదో వంగి చూసుకోవాల్సినట్టుగా పడుకునేవాడు. పగలు ఆ చోటు ఖాళీగా ఉన్నప్పుడు కూడా మాలో ఎవరమూ అందులో అడుగుపెట్టలేదు. అమ్మ గీతదాకా ఊడ్చి ఆగేది. ఎందుకని ఎవరం ఎవరినీ అడగలేదు. నాకు చాలా భయమేసేది, కానీ ఫీజు నాదాయె, వద్దని ఎలా అనను?

అన్న వెళ్లాక అమ్మ గీత కడిగేసింది. అయినా బండ తడి ఆరేటప్పుడల్లా ఆ ఆకారం తెల్లగా తేలినట్టు నాకు కనిపించేది. ఏళ్లకు తిరిగొచ్చి, పెళ్లి చేసుకుని, పెద్ద మంచం కొనుక్కుని కూడా అన్న దాని అంచున ఆ కొలతలోనే పడుకుంటాడని వదిన కొన్నాళ్లు నవ్వుతూ చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది.

మొన్న మేం చూస్తుండగానే అన్న కుర్చీలోంచి లేచి, ఎవరూ అడగకుండానే వెళ్లి ఆ టేపు మధ్యలో పడుకున్నాడు. చేతులు పక్కలకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఎక్కడా టేపుకు తగల్లేదు.

"సరిపోతది బిడ్డా, ఫికర్ చేయకు" అన్నాడు.

పిల్ల వంగి ఒక పక్క టేపు ఊడదీస్తూ, "లే డాడీ, కిరాయి ఎక్కువైనా జర పెద్దది చూసుకుంట" అంది. అన్న వెంటనే లేవలేదు.

ఇప్పుడు ఏ దేశపు ధరలైనా అరచేతిలో కనిపిస్తున్నాయి. ఆ మాటకొస్తే మేనమామ చెప్పిన ధరల్లోనూ తప్పేమీ లేదు. ఈ పిల్ల ఒక్క నిమిషంలో టేపు పీకేసింది. ఆనాడు ఆ గీత చెరపడానికి నాకు ఒక తడిగుడ్డ సరిపోయేది; నెల రోజులు దాని చుట్టూ తిరిగాను గానీ, చెరపలేదు.