రెల్లు పూస్తే నాకు ఒళ్ళు మండేది

మా చిన్నప్పుడు... ఖర్కాయి నది మధ్యలో మా లంక ఒడ్డున మొదటి రెల్లు పువ్వు తెల్లగా తల ఎత్తగానే, పరుగున వెళ్ళి దాన్ని పీకి నీళ్ళలో పారేసేదాన్ని. మర్నాటికి దాని పక్కనే ఇంకొన్ని. వాటినీ పీకేదాన్ని. ఆకులకు చేతులు కోసుకుపోయేవి. అమ్మ తిట్టేది.

ఇప్పుడు మీరంతా ఆ పూల మధ్య నిలబడి ఫోటోలు పెడుతున్నారు కదా... శరదృతువు వచ్చేసిందంటూ. పెట్టుకోండి. నాకైతే ఇప్పటికీ చూస్తేనే ఒళ్ళు మంట. ఎందుకో చెబుతాను.

జంషెడ్‌పూర్‌లో, బాగ్‌బేరా అవతల నదిలో చిన్న లంక అది. మట్టిగోడల ఇల్లు, చుట్టూ అమ్మ పెంచిన తోట... బీరపాదులు, చిక్కుడు పందిరి, వంగ మళ్ళు, ఓ మూల కోళ్ళ గూడు. వానాకాలమంతా చుట్టూ ఎర్రటి వరద నీళ్ళే. నాన్న నాటు పడవలో రైల్వే యార్డు పనికి వెళ్ళొచ్చేవాడు. ఒక్కోసారి ఉప్పు ఉండేది కాదు, కిరసనాయిలు ఉండేది కాదు. అయినా నాకు ఆ నెలలే ఇష్టం. ఎందుకంటే మా పెదనాన్న వచ్చేవాడు కాదు.

పెదనాన్నకి నీళ్ళంటే ప్రాణభయం. చచ్చినా పడవ ఎక్కడు. కానీ వానలు తగ్గి, రెల్లు పూసి, నీళ్ళు తేటపడి, నదిలో బండరాళ్ళు బయటపడ్డాయంటే చాలు... పంచె ఎగ్గట్టి, ఖాళీ సంచీ పట్టుకుని రాళ్ళ మీద నడుచుకుంటూ దిగిపోయేవాడు. నాన్నను శ్రీకాకుళం వైపు పల్లె నుంచి తీసుకొచ్చి యార్డులో పనికి పెట్టించింది ఆయనే. ఇంకేముంది, మా తోటలో ఏది కాసినా ఆయనదే. సంచీ నిండా కూరగాయలు, పోయేటప్పుడు ఓ కోడి. ఆ సంచీ నాన్నే మోసుకెళ్ళి అవతలి ఒడ్డున దిగబెట్టేవాడు.

ఆ ఏడు రెల్లు తొందరగా పూసింది. పొద్దున్నే చిక్కుడాకుల మీద మంచు. అవతలి ఒడ్డున బెంగాలీల దుర్గాపూజ పందిట్లో ఢాక్ డోలు మోగడం మొదలైంది. నా చుక్కలపెట్ట ఈకలు రాల్చేస్తోంది. ఏటా ఆ కాలంలో కోళ్ళు అంతే... గుడ్లు మానేసి, బోసి మెడతో దిగాలుగా తిరుగుతాయి. పిల్లగా ఉన్నప్పుడు దాన్ని గద్ద తన్నుకుపోతుంటే అరిచి, రాయి విసిరి విడిపించాను. అప్పట్నుంచీ నేనెక్కడుంటే అదక్కడే.

పెదనాన్న వచ్చాడు. గూడు ముందు గొంతుక్కూర్చుని కోళ్ళన్నిటినీ చూశాడు.

"గుడ్లెట్టని పెట్టని ఏటికి మేపుతున్నావురా? దీన్ని పట్టు," అన్నాడు నాన్నతో.

నాన్న వంగాడు. నేను గబుక్కున దాన్ని ఎత్తి గుండెలకు హత్తుకున్నాను. "నహీ దూంగీ! మేరీ హై!" అని అరిచాను. ఇవ్వను, నాది అని. కోపం వస్తే నాకు వీధి హిందీ వచ్చేసేది.

"ఓలమ్మ, దీని రోసం సూడు!" అని పెదనాన్న పగలబడి నవ్వాడు.

అప్పుడు అమ్మ... ఆయన ముందు ఏనాడూ గొంతెత్తని అమ్మ... తలుపు చాటునుంచి అంది. "బావగారూ, అది అమ్మోరి కోడండి. ఒరదప్పుడు మొక్కీసినాను."

పెదనాన్న లేచి నిలబడి లెంపలు వేసుకున్నాడు. మావాళ్ళలో అమ్మవారికి మొక్కిన కోడిని అమ్మకూడదు, ఇంట్లో కొయ్యకూడదు, తిట్టనైనా కూడదు. అమ్మ మొక్కలేదు. ఉత్త అబద్ధం. నా వైపు చూసి కన్ను గీటింది కూడా. మా అమ్మంత తెలివైన మనిషి లోకంలో లేదనుకున్నాను.

పెదనాన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మొక్కు ఉంచుకోకూడదు కదేటమ్మా. పెద్దోణ్ణి నానుండగా నీకెందుకు బెంగ? పండగెల్లిన మంగళారం నానే దగ్గరుండి ఇప్పించేత్తాను."

అమ్మ ఈసారి నా వైపు చూడలేదు.

ఆయన వెళ్ళగానే అమ్మ కాళ్ళకు చుట్టుకున్నాను. అబద్ధమని చెప్పెయ్యమని ఏడ్చాను. "సూద్దాం" అంది మొదట. మర్నాడు చూస్తే చుక్కలపెట్ట కాలికి పసుపు గుడ్డ కట్టి ఉంది.

"నోటంట అనీసినాక అమ్మోరు ఇనేసినట్టే కదే," అంది అమ్మ, నా ముఖం చూడకుండా. "ఇప్పుడు కాదంటే... రేపు నీకేటైనా అయితే?"

మంగళవారం పెదనాన్న డప్పు వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మే దాన్ని చంకలో పెట్టుకుని రాళ్ళ మీదుగా నది దాటింది. దానికి మెడ చుట్టూ కొత్త ఈకలు అప్పుడే మొలుస్తున్నాయి... నల్లగా, మెరుస్తూ. నన్ను నాన్న పట్టుకున్నాడు. ఆ చేతిని కొరికాను.

మొక్కు కోడి కూర నలుగురికీ పంచాలి. పెద్ద వాటా దగ్గరుండి మొక్కు తీర్పించిన పెద్దమనిషిది. అంటే ఎవరిది? తెలుగు బస్తీలో అమ్మవారి గద్దె ముందు ఆకు వేసుకుని, "అమ్మోరి పెసాదం" అంటూ ఎముకలు పీల్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను మాత్రం క్షమించలేదు. క్షమించను కూడా.

అమ్మ మీద కోపం ఎప్పుడు పోయిందో తెలీదు. ఆ తర్వాత ఆవిడ కోడికూర ముట్టలేదు. మాకు వండి పెట్టేది. ఎవరైనా అడిగితే, ఒంటికి పడదు అనేది.

మొన్న అటు వెళ్ళాను. ఇల్లు లేదు, తోట లేదు. మా వైపు పాయ మట్టితో పూడిపోయింది. నడి వానాకాలంలో కూడా చెప్పులు తడవకుండా లంక మీదికి ఎవరైనా నడిచిపోవచ్చు.

మీకూ ఉందా... ఊరంతా మురిసిపోతుంటే మీరు మాత్రం పళ్ళు నూరుకునే కాలం? ఉంటే కింద రాయండి. పూల ఫోటోలు మాత్రం నాకొద్దు.

నాకు ఆ ఎర్రటి వరద నీళ్ళే కావాలి... ఏడాదిలో ఆ కొన్ని నెలలైనా నది మా పక్షాన ఉండేది.