పాస్టరమ్మ గుచ్చిన ఉమ్మెత్త పూలు

చెన్నూరులో మా పాస్టరమ్మను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అవ్వ కొప్పులో బంతిపువ్వు పెట్టుకుని ప్రార్థనకు వెళితే చాలు, "గవి బతుకమ్మ పూలు, తీసెయ్!" అనేది.

రజాకార్ల గోల సద్దుమణిగిన ఏడు నా పెళ్ళి. ఏసుప్రభువు పటంలోని లిల్లీల్లా ఉన్నాయని పాస్టరమ్మ నా పెళ్ళి కేకు మీద తెల్లటి ఉమ్మెత్త పూలు గుచ్చింది.

"గవి ఇసం గదమ్మా!" అంది అవ్వ.

పాస్టరమ్మ ఆ పూలు పీకి, గుంతలను చక్కెర పూతతో పూడ్చి, "ఇగ పంచుండ్రి" అంది.

అవ్వ ఒక ముక్క కోసి ఆమెకే చాపింది. "ముందుగాల మీరు తినుండ్రి. తర్వాత పిల్లలకు పెడతం."

"నాకియ్యాల ఉపాసం" అంది పాస్టరమ్మ.

పొద్దున ఆమె మా ఇంట్లో అన్నం తిన్న ఇస్తరాకు అప్పటికింకా పెరట్లో ఎండనైనా లేదు.