రాలని మసి

తొంభయ్యో దశకం చివరి రోజులు. మనవాళ్లు ఏనాడో చెరకు కూలికి వలసెళ్లిన దీవిలో, లౌతోకా పట్నంలో పశువైద్యుణ్ణి. చెరకు కోతలు ముగిసి, మిల్లు గొట్టం పొగ మానేసి, మధ్యాహ్నాలు నిద్రమత్తులో జోగుతుండేవి. అలాంటి ఒక మధ్యాహ్నం పక్కనున్న లోవు పల్లె నుంచి నర్సమ్మగారు కబురు పెట్టారు, వాళ్ల కుక్క కాలూ తిండి మానేసిందని.

వెళ్లేసరికి కాలూ వాకిట్లో ఆకాశం వైపు గంతులేస్తూ, గాల్లో దేన్నో నోటితో అందుకుంటోంది. అక్కడ ఏమీ లేదు. కోతకు ముందు చెరకు తోటలు తగలబెట్టినప్పుడు ఎగిరొచ్చే నల్లటి మసిరేకుల్ని పట్టడం దానికీ, నర్సమ్మగారి భర్తకీ ఆట. ఆయన మొన్నటి కోతల్లోనే పోయారు. మసి ఆగింది గానీ కాలూ ఆగలేదు. పక్కటెముకలు బయటపడ్డాయి.

కళ్లలో లోపం లేదు, మూర్ఛ లక్షణాలు లేవు. కంపల్సివ్ డిజార్డర్, అంటే చేసిన పనే ఆపలేక చేసే జబ్బు అని తేల్చి, ఫ్లుయోక్సెటిన్ ఇచ్చాను. మెదడులో కొన్ని నాడీకణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుస్తాయి. విడిచినదాన్ని మళ్లీ లోపలికి లాక్కోకుండా ఈ మందు అడ్డుపడుతుంది. తమాషా ఏమిటంటే, మొదట్లో ఆ కణాలే నెమ్మదిస్తాయి. వారాలు గడిస్తేగానీ సర్దుకోవు. ప్రవర్తన మారేదీ అప్పుడే. ఓపిక పట్టమని చెప్పి వచ్చేశాను.

నెల దాటాక వెళ్తే అవే గంతులు. కుక్క ఇంకా చిక్కిపోయింది. డోసు పెంచుదామని సంచీ తెరిచాను.

"నై బేటా, పెంచకు. దవాయి నేను ఇవ్వనేలేదు," అన్నారు నర్సమ్మగారు.

ఒళ్లు మండింది. "ఎందుకమ్మా?"

"అది చూసేది మా ఆయన్నే. నాకు కనపడడు, దానికి కనపడతాడు. దవాయి తింటే దానిక్కూడా కనపడడు. ఆయన వచ్చాడని నాకెవరు చెప్తారు?"

నా కోపం ఎటు పోయిందో! ఇద్దరం అరుగు మీద కూర్చుని కాలూనే చూస్తున్నాం. నిజం చెప్పొద్దూ, ఆ ఎండలో నాకూ అక్కడెవరో నిలబడ్డట్టే అనిపించింది.

"వచ్చేది ఆయనే అయితే, దాన్ని ఇలా పస్తు పెడతారా అమ్మా?" అన్నాను.

ఆమె లేచారు. లోపలికెళ్లి, రొట్టెముక్కకు నెయ్యి రాసి, అందులో మందు పెట్టి తెచ్చి, కాలూని ఒళ్లోకి లాక్కున్నారు.

మళ్లీ కోతలొచ్చాయి. కాలూ ఒళ్లు చేసింది. మెట్టు మీద పడుకున్న దాని ముక్కు మీద మసిరేకు వాలితే, తుమ్మి మళ్లీ కళ్లు మూసుకుంది. నాకు గర్వంగానే ఉంది.

"ఇది చూడ్డం మానేసింది. ఇక ఆయన్ని నేనే చూసుకోవాల, క్యా కరీ, ఏం చేస్తాం?" అంటూ నర్సమ్మగారు నవ్వి, రాలుతున్న మసికి అరచెయ్యి చాపి నిలబడ్డారు.

జబ్బు మాన్పే ముందు, అది ఆ ఇంట్లో ఎవరికి ఆసరాగా ఉందో అడగాలని నాకు తెలిసింది అప్పుడే.