ముడి మామ తాడూ, సీనా నదీ, నా పెళ్ళిచూపులూ

ఆ రోజుల్లో మా కుంఠా నాకా పేటలో సాంచాలు ఆగాయంటే చెవులకు ఏమీ తోచేది కాదు. ఆ మరమగ్గాల చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే పెరిగి, ఇరవై రెండేళ్ళకు చద్దర్లు నేసే పనిలో స్థిరపడ్డవాణ్ణి నేను. వారానికొక రోజు కరెంటు బందయ్యే సెలవు. ఆ రోజు ఇంట్లో కూర్చుంటే అమ్మ మాటలన్నీ స్పష్టంగా వినిపించేవి (ఆ సెలవుతో వచ్చిన చిక్కు అదొక్కటే). అందుకని మా మేనమామ ఎక్కడికి రమ్మన్నా సరేననేవాణ్ణి. అలా సరేననే, సరిగ్గా నా పెళ్ళిచూపుల రోజున, సీనా నదిలో దిగాను.

మామను కార్ఖానాలో అందరూ ముడి మామ అనేవారు. పడుగులో పోగు తెగితే కళ్ళు మూసుకుని ముడి వేసేవాడు. గుడ్డ చిరిగిపోయేది కానీ ఆ ముడి ఊడేది కాదు. నాకూ, మా అక్క మొగుడైన బావకూ పని నేర్పింది ఆయనే కాబట్టి ఆయన మాటకు మేమిద్దరం ఎదురు చెప్పేవాళ్ళం కాదు. "స్వీటు డబ్బా అందరు తీస్కపోతరు అల్లుడా. మనం కొర్రమట్ట తీస్కపోదాం. జిందా చేప! పిల్ల నాయన ఏక్‌దమ్ ఖుష్ అయితడు. పన్నెండు గొట్టెవరకు వాపస్ వస్తం" అన్నాడు. పిల్ల ఇల్లు హోట్గి రోడ్డులో. సాయంత్రం ఐదింటికి అమ్మా, అక్కా నేరుగా అక్కడికే వస్తామన్నారు. అప్పటికే నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. అవి పోతే పోయాయి, ఈ పిల్లను మాత్రం నేను ముందే చూశాను. చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టే పిల్ల, సిటీ బస్సులో ఒక ముసలమ్మకు సీటు ఇప్పించడానికి పదిమంది మగాళ్ళతో కొట్లాడింది. ఆ పదిమందిలో సీటు ఖాళీ చేసినవాణ్ణి నేనే. ఆనాటి నుంచి చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

నీళ్ళు మోకాళ్ళ దాకే ఉంటాయన్నాడు మామ (ఎవరి మోకాళ్ళో చెప్పలేదు). వానలు వెనకబట్టాయి గానీ ఏరు ఇంకా జోరుగానే ఉంది. అడుగంతా బండలు, బండల మీద పాచి. మామ సంచిలోంచి నూలుతాడు తీశాడు. మగ్గం మీద మిగిలిన పడుగు పోగుల్ని పేని ఆయనే చేసిన తాడు. ముందు తన నడుముకు, మధ్యలో నా నడుముకు, వెనక బావ నడుముకు కట్టి, తన పేరు నిలబెట్టే ముళ్ళు మూడు వేశాడు. "ఒగడు జారితె ఇద్దరు గుంజి నిలవెట్టాలె. సమజైందా?" అన్నాడు. వినడానికి బాగానే ఉంది.

పది అడుగులు వేశామో లేదో బావ జారాడు. బావ బరువు మా ఇద్దరి బరువు కలిపినంత ఉంటుంది. తాడు తన ధర్మం తాను చేసింది. ముందు నన్ను వెల్లకిలా పడేసింది, నా మీదుగా మామను తీసుకొచ్చింది. లేచి నిలబడ్డాం, మళ్ళీ పడ్డాం. మామ చెప్పు ఒకటి ఏటివాలుకు కర్ణాటక వైపు వెళ్ళిపోయింది. "గుంజుర్రి, గుంజుర్రి" అని మామ అరుస్తాడు, ఎవరు ఎవర్ని గుంజాలో ఎవరికీ తెలియదు. అంతలో బావ "వామ్మో, నన్ను కరుస్తాంది, చడ్డీల ఏందో సొచ్చింది మామా!" అని కేక పెట్టి ఏట్లోనే గంతులు మొదలుపెట్టాడు. ఆయనతోపాటు మేమూ గంతులేయాల్సి వచ్చింది. గట్టుకు చేరి చూస్తే, మూరెడు కొర్రమట్ట! బావ వేసుకున్న వెడల్పు నిక్కరులో దూరి బయటికి దారి తెలియక కొట్టుకుంటోంది. మామ దాన్ని తువ్వాలలో పట్టి, "చూసిన్రా నా హిసాబు!" అన్నాడు. గాలం వేయకుండా చేప పట్టిన ఘనత ఆయన ఖాతాలో పడిపోయింది.

ఇక ముళ్ళు విప్పాలి కదా. తడిసిన నూలు ఉబ్బింది, మేం పడ్డప్పుడల్లా బిగిసింది, గోరు దూరే సందు లేదు. మామ గంటసేపు గోళ్ళతో, ఆ తర్వాత పళ్ళతో ప్రయత్నించాడు. తాడు మా నడుముల్లో దిగబడింది, పైకీ జారదు, కిందికీ జారదు. ఒక గొర్రెలాయన వచ్చి మమ్మల్ని చాలాసేపు చూసి, కొడవలి తీసి, "కాపూ కా?" అన్నాడు మరాఠీలో, కోసెయ్యనా అని. "నకో! నకో!" అని మామ కొడవలికి అడ్డం పడ్డాడు. "నా చేతి ముడికి కత్తి ముట్టిందంటె రేపు కార్ఖానల మొహమెట్ల చూపెట్టాలె? ఏసినోడే ఇప్పాలె." నేను ఏడుపు గొంతుతో "మామా, ఐదు గొట్టంగ పిల్లను చూడపోవాలె" అంటే, "ఎండకు ఆరుతె వదులైతదిరా, పరేషాన్ గాకు" అన్నాడు. ఆరింది. ఇంకా బిగిసింది. మధ్యలో బావకు పొద చాటుకు వెళ్ళాల్సిన అవసరం పడింది. ముగ్గురం వెళ్ళాం (అంతకంటే వివరంగా రాయను).

బస్సులో కండక్టరు మా నడుముల వంక చూసి, "తిఘాన్నా ఏకచ్ తికీట్ దేఊ కా?" అన్నాడు. ముగ్గురికీ కలిపి ఒకటే టికెట్టు ఇవ్వనా అని. బస్సంతా నవ్వింది. ఇంటికి పోయి బట్టలు మార్చుకునే వేళ లేదు. హోట్గి రోడ్డులో దిగి, బురద బట్టలతో, ఒకరి వెనక ఒకరం, మామ చేతిలో చేపతో, ఐదున్నరకు పిల్ల ఇంటి వాకిట్లో నిలబడ్డాం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "గిదేంది తమ్మీ! దొంగలను వట్టుకొచ్చినట్టు ఉన్నది" అంది పిల్ల మేనత్త. నా పని అయిపోయిందనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

లోపల్నుంచి మేనత్త కత్తెర తెచ్చింది. మామ రెండు చేతులూ జోడించి, "నీ కాళ్ళు మొక్కుత అక్కా, కోయకు" అన్నాడు. అప్పుడు తలుపు చాటునుంచి ఆ పిల్ల వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. బీడీ మూతి మడిచే సన్నని రేకు ముక్క ముడిలోకి దూర్చి, రోజుకు వెయ్యి బీడీలకు దారం చుట్టే వేళ్ళతో అటూ ఇటూ కదిపి, మామ ముడిని రెండు నిమిషాల్లో విప్పేసింది. మామ ఊడిన తాడు కొసను తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత బావ ముడి విప్పింది. ఇక నా వంతు. ఆ పిల్ల తలెత్తి మొదటిసారి నన్ను చూసింది, గుర్తుపట్టింది, నవ్వు ఆపుకుంటూ రేకు ముక్కను నడుమున దోపుకుంది.

"పిల్లా, ఈయనది ఇప్పవా?" అంది మేనత్త.

"ఈయనది ఉండనియ్యి అత్తా. ఇప్పితె మళ్ళ ఏటికి పోతడు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. పిల్ల ఒప్పుకుందని ముందు మా అమ్మకే అర్థమైంది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే చేపల పులుసు. అది ఎలా దొరికిందో చెప్పబోతున్న బావను అక్క గట్టిగా గిల్లింది. వాళ్ళందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు, మేం ముగ్గురం మాత్రం పప్పుతో సరిపెట్టుకున్నాం. నడుముకు ముందూ వెనకా తాడు కొసలు వేలాడుతుండగా కుంఠా నాకా దాకా నడిచి వచ్చాను. దారిలో అందరూ చూస్తున్నా, వడ్డాణం పెట్టుకున్నవాడిలా రొమ్ము విరుచుకునే నడిచాను. ఇప్పుడు మెట్లెక్కడానికే మోకాళ్ళు పట్టుకుంటున్నాను. ఆనాడు అలా నడిచిన ఆ వెర్రివాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, వాడంటే కొంచెం కుళ్ళు కూడా పుడుతుంది.