వరసలో అట్టడుగు బల్బు

తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించని ఘనకార్యం ఒకటుంది. నవ్వొచ్చినంతసేపు నవ్వండి, కొంతదూరం నేనూ తోడొస్తాను.

ఉద్యోగంలో చేరిన ఆర్నెల్లకే నందిగామలో కరెంటుకి పెదనాన్ననన్నట్టు తిరిగేవాణ్ణి. జగ్గయ్యపేట అవతల గుట్టల మధ్య, లైను వెళ్ళని పది ఇళ్ళకి సోలార్ ప్యానళ్ళు, బ్యాటరీలు పెట్టి, రెంటినీ కలిపి నడిపే కంట్రోలర్ బిగించాను. మబ్బు పట్టి బ్యాటరీ తగ్గితే అది ఒక్కో లైనూ కట్ చేస్తుంది. ఏది ముందు ఆగాలో వరస రాసింది నేనే. ఎప్పటికీ ఆగకూడనిదిగా ఏం రాశానో తెలుసా? మా ఆఫీసుకి రిపోర్టు పంపే పెద్ద బోర్డు! దాని తర్వాతే మంచినీళ్ళ మోటారు.

వెంకాయమ్మగారి వసారాలో ఓ చెక్కపెట్టె, అందులో బల్బు. పెట్టెలో వెలుగు దండగనుకుని వరసలో అట్టడుగున, అంటే అన్నిటికన్నా ముందు ఆగేలా, పడేశాను.

"బాబూ, అన్నీ ఆపినా ఆ బల్బు మాత్రం ఆపమాకయ్యా."

"ఎందుకాపుతానండీ పిన్నిగారూ!" అన్నాను, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

"అది కాదు, పెట్టెలో ఏవుందంటే..."

"నాకు తెలుసులెండి."

ఏం తెలుసో నాకే తెలియదు.

రెండు వారాలు తిరిగేసరికి ముసురు పట్టింది. మూడో రోజు ఆ బోర్డు నుంచి ఫోనుకి మెసేజ్: 'అంతా సవ్యం.' ఆఫీసులో అందరికీ టీ ఇప్పించి, మర్నాడు మెచ్చుకోళ్ళు అందుకుందామని బండేసుకుని వెళ్ళాను.

వెంకాయమ్మగారు పెట్టె మూత తీసి కూర్చున్నారు. లోపల ఆరిపోయిన బల్బు కింద కోడిగుడ్లు, చల్లగా.

"ఇంకో మూడ్రోజులైతే పిల్లలయ్యేయి బాబూ."

"వేరేవి తెచ్చిస్తానండీ, నాటు గుడ్లే..."

"మా ఆయన పెంచిన కోళ్ళయ్యా. ఆయన పోయిన ఏడాదికే, మొన్న నెల్లో తెగులొచ్చి అన్నీ పోయినయ్యి. అయి పెట్టిన ఆఖరి గుడ్లియ్యి. పొదగటానికి పెట్ట కూడా లేకే బల్బు పెట్టుకున్నా."

మా బోర్డు తిన్న కరెంటుతో ఆ బల్బు హాయిగా వెలిగేది.

"మబ్బు పడితే నువ్వేం చేస్తావులే. మజ్జిగ తాగు," అన్నారావిడ.

గ్లాసు అందుకుంటుంటే జేబులో ఫోను మోగింది. 'అంతా సవ్యం.'

"ఏంటయ్యా అది?"

"ఏం లేదండీ."

ఆ మజ్జిగ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: మూత తీసి చూడకుండా ఏ పెట్టెనీ వరసలో పెట్టను, ఎవరైనా చెప్పబోతుంటే 'తెలుసులెండి' అనను. ఇప్పుడు నేను బిగించే ప్రతి కంట్రోలర్‌లోనూ ముందు ఆగేది ఆఫీసు బోర్డే. తప్పు మబ్బుది కాదని మాత్రం వెంకాయమ్మగారికి ఇంకా చెప్పలేదు.