నీలిపాచి కోసిన చేతులు

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ పాచక్కే. మూతబడ్డ కార్ఖానా వెనక, ఎండ తగలని గోడమీద నీలిపాచి మొలిచేది. అది చిటికెడు పడితే చాలు, మందులాయన కాచే కషాయం ఎంత మొండి జ్వరాన్నైనా మూడు గుక్కల్లో దించేసేది. ఇనుము తగిలితే పాచి చచ్చిపోతుంది కాబట్టి గోళ్లతోనే గీకాలి. భర్త పోయిన ఏడాది మొదలు పదకొండేళ్లు ఆ పని పాచక్కదే. పేరు మాత్రం మందులాయనది. జబ్బు నయమైనవాళ్లు ఆయన చేతులు కళ్లకద్దుకుని, గుమ్మంలో బుట్టతో నిలబడ్డ ఈవిడను కాస్త పక్కకు జరగమనేవాళ్లు.

వేళ్లు మొద్దుబారుతుంటే చలికేమో అనుకుంది. ఒకసారి పొయ్యిమీది గిన్నె ఉత్తచేతులతో దించేసి, బొబ్బలెక్కాక చూసుకుని నవ్వుకుంది కూడా.

ఒక పొద్దున కూతురు ఒంట్లో బాగాలేదంది. పాచక్క నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. ఏమీ తెలియలేదు. బడి ఎగ్గొట్టే వేషాలని కసిరి పంపించింది. మధ్యాహ్నానికి పంతులమ్మ ఆ పిల్లను భుజానికి ఆనించుకుని తీసుకొచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోతుంటే ఎలా పంపావమ్మా అని నలుగురిలో నిలదీసింది. పాచక్క పిల్లను మందులాయన ఇంటికి తీసుకెళ్లింది.

కషాయం పడ్డాక పిల్ల సాయంత్రానికి లేచి కూర్చుంది. అప్పుడు పాచక్క మందులాయన ముందు రెండు చేతులూ చాపి, వీటికీ ఏదైనా చెయ్యమని అడిగింది.

ఆయన గరిటె తిప్పడం ఆపలేదు. "పాచి కోసినవాళ్ల చేతులకు ఏ మందూ పనిచెయ్యదమ్మా."

"ఇది మీకు ముందే తెలుసాండీ?"

"మా నాన్న కాలంనుంచీ తెలుసు. చెబితే ఎవరు కోస్తారు?"

తన కూతుళ్లను ఆయన ఆ గోడ ఛాయలకు ఎందుకు పోనివ్వడో ఆవిడకు అప్పుడు అర్థమైంది. మర్నాటినుంచి పనిలోకి వెళ్లలేదు. వారం తిరక్కుండా ఆ పని ఆవిడ ఆడపడుచు ఒప్పుకుంది. పాచక్క పరుగున వెళ్లి జరిగిందంతా చెప్పి చేతులు చూపించింది.

"నీ పని నాకొచ్చిందని కడుపుమంట వదినా నీకు," అంది ఆడపడుచు.

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. నాలుగేళ్లకు ఒకరోజు ఆ ఇంటి ముందునుంచి వెళ్తూ, ఆడపడుచు వేళ్లకు సూది పట్టు దొరక్క, దారం ఎక్కించమని పక్కింటి పిల్లను పిలవడం పాచక్క చూసింది. చెప్పానా అని అడగాలనిపించింది. కానీ తల వంచుకుని నడిచిపోయింది.