బాలింతకు ఉప్పు గంజి

యాభైల్లో మాట. కర్నూలు కాలేజీలో ఇంటరు సైన్సు చదువుతూ వేసవి సెలవులకు మా పల్లెకు వచ్చాను. ఇంట్లో మా అక్క బాలింత, బిడ్డ పుట్టి ఆరో రోజు. మా అమ్మ నన్ను కని పోయింది. అక్కనూ నన్నూ పెంచింది, ఊరంతా వద్దన్నా నన్ను కాలేజీకి పంపింది అమ్మమ్మే. అవ్వా అని పిలిచేవాళ్లం. పథ్యం పెట్టేదీ ఆమే.

ఆ పథ్యంలో ఉప్పు లేదు. నీళ్లు పొద్దున ఒక లోటా, సాయంత్రం ఒక లోటా, అంతే. ఎక్కువ తాగితే బాలింతకు ఒళ్లు నీరు పట్టి ఉబ్బుతుందని, ప్రాణం మీదికొస్తుందని మా వైపు నమ్మకం. బయట ఎండ మండిపోతోంది. అక్క గదికి తలుపులు మూసి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టారు. అక్క పెదాలు ఎండి చీలాయి. పాలు తగ్గిపోయాయి. పసిది చీకి చీకి విసిగి ఏడ్చేది.

నాకు అప్పటికి వచ్చిన సైన్సంతా ఒక ఉల్లిపొరలో ఉంది. మా లెక్చరరు ఎర్ర ఉల్లిగడ్డ పొరను మైక్రోస్కోపు కింద పెట్టి ఉప్పునీటి చుక్క వేయించాడు. కణాల్లోని నీరు బయటికి పోయి, లోపలిదంతా గోడలు వదిలి ముడుచుకుపోయింది. మంచినీళ్లు వేస్తే మళ్లీ నిండింది. అక్కను చూస్తే ఆ పొరే గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అవ్వ దొడ్లోకి పోగానే అక్కకు రెండు చెంబుల నీళ్లు తాపాను. గటగటా తాగి నా చేతిని చెంపకు ఆనించుకుంది. అవ్వ మీద గెలిచాననుకున్నాను. కాసేపటికే అక్క పిక్కలు రెండూ బిగుసుకున్నాయి. ఆ కేకకు అవ్వ పరుగున వచ్చి ఖాళీ చెంబు చూసింది.

"నీళ్లు తాపినావా? అక్కను చంపుకుంటాండావు గదే, పాపిష్టిదానా."

నిజంగానే చంపుతున్నానా? పిక్కలు రుద్దుతుంటే లెక్చరరు చెప్పిన మిగతా సగం గుర్తొచ్చింది. కణం తన పనులకు వాడుకునే శక్తి ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుందట. కండ బిగియడానికే కాదు, వదలడానికీ అది కావాలి. బిగియమనీ వదలమనీ కబురు అందాలంటే మాత్రం ఉప్పులోని సోడియం, దానితో పాటు పొటాషియం, కాల్షియం తగుపాళ్లలో ఉండాలి. ఆరు రోజులుగా ఉప్పు తినక, ఉన్నది చెమటలో పోయిన ఒంట్లోకి నేను ఉత్త నీళ్లు పోశాను. మిగిలిన కాస్త ఉప్పూ పలచనైపోయింది. తప్పు నీళ్లది కాదు, నా తొందరది.

"అవ్వా, ఉప్పేసిన గంజి కావల్ల."

"ఉప్పా? నోరు మూసుకో."

"దుక్కి దున్ని వచ్చిన ఎద్దుకు కుడితిలో పిడికెడు ఉప్పు ఎందుకేస్తావు మరి?"

"చెమటకు ఒంట్లో ఉప్పు పోతాది గదా. ఏయకుంటే దాని కాళ్లు బిగుసుకపోతా..." అని ఆగిపోయింది.

"ఎద్దు మీద ఉండేపాటి జాలి అక్క మీద లేదా నీకు?"

ఆ మాట అన్నందుకు నాకు ఈనాటికీ సిగ్గే. అవ్వ గంజి వార్చి, ఉప్పేసి, తానే గుక్క గుక్కగా తాపింది. ఒళ్లు ఉబ్బుతోందేమోనని మధ్యమధ్యలో అక్క పాదాలు నొక్కి చూసింది. పొద్దు వాలేసరికి అక్క పిక్కలు వదిలాయి. మర్నాటి నుంచి గంజీ నీళ్లూ అడిగినప్పుడల్లా ఇచ్చింది. మూడోనాటికి పసిదాని పెదవి మూలల్లోంచి పాలు కారాయి. అది చూసి ముగ్గురం నవ్వాం.

ఆ సాయంత్రం వసారాలో నాకు జడ వేస్తూ, అవ్వ వెనక నుంచే అడిగింది.

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ కూడా నీళ్లడిగింది మే. మూడు దినాలు అడిగింది. నేను ఇయ్యలేదు. ఇచ్చింటే బతికిండేదా?"

నా నోటికి మూత లేదని ఊరంతా అనేది. ఆ రోజు మాత్రం వెనక్కి తిరక్కుండా, "లేదవ్వా, అది వేరే జబ్బు" అన్నాను.

అవ్వ సగం అల్లిన జడను విప్పేసింది.

"నీకు అబద్ధమాడేది శాతకాదు మే" అని, మళ్లీ జడ అల్లింది.